దాక్కునే పోలీసు కారు

అమెరికా హైవే మీద రోడ్డు పక్కన నలుపు తెలుపు కారొకటి, నెత్తిన లైట్లతో, కనబడితే చాలు. మూడు వరుసల్లో పోతున్న బండ్లన్నీ ఒక్కసారిగా బ్రేకు తొక్కుతాయి. 65 మైళ్ల పరిమితి ఉన్నచోట 63లో పోతున్నవాడు కూడా తొక్కుతాడు. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకోవడం మన ఒక్కరి జబ్బే కాదన్నమాట.

ఆ భయానికి చాలాకాలం ఒకటే రూపం, ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా. పోటీగా ఉన్న షెవ్రోలే కాప్రిస్ తయారీ 1996లో ఆగిపోయాక, ఆ తర్వాత పదిహేనేళ్లు అమెరికాలో పోలీసు కారంటే చాలావరకు ఇదే. లారీకి ఉన్నట్టు విడి ఛాసీ, 4.6 లీటర్ల వీ8 ఇంజను, వెనక చక్రాలకు డ్రైవ్. ఫుట్‌పాత్ ఎక్కి దిగినా తట్టుకునేది, సొట్టలు పడితే సులువుగా బాగుచేసుకునేవారు. నడుముకు తుపాకీ, బేడీలు, వైర్‌లెస్ సెట్టు కట్టుకుని పది గంటలు కూర్చునే మనిషికి సరిపోయేంత సీటు. లోపమూ చిన్నది కాదు. వెనకనుంచి వేగంగా వచ్చి గుద్దితే పెట్రోలు ట్యాంకు అంటుకుని పోలీసులే చనిపోయారు. 2002 తర్వాత గానీ కంపెనీ ట్యాంకుకు రక్షణ కవచాలు బిగించలేదు. 2011 సెప్టెంబరులో కెనడాలోని సెయింట్ థామస్ ఫ్యాక్టరీలో ఆఖరి కారు తయారైంది.

రిటైరైన ఈ కార్లు వేలంలో చవగ్గా దొరికేవి. అద్దం పక్కన స్పాట్‌లైటు, ఇనప చక్రాలు అలాగే ఉండేవి. కొనుక్కున్నవాళ్లు ఒక సుఖం గురించి ముచ్చటగా చెప్పుకునేవారు: వేగంగా పోయే ఎడమ లేన్‌లో వెనక చేరితే చాలు, ముందు బండి తనంతట తనే పక్కకు జరిగేదట! లోపల ఉన్నది పోలీసు కాదు, కాలేజీ కుర్రాడు. సగం డ్యూటీ కారు ఆకారమే చేసేస్తుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. కొన్ని ఊళ్ల పోలీసులు ఖాళీ కారును కూడలిలో నిలబెట్టి వెళ్లిపోయేదీ అందుకే.

ఇంత తేలికైన పద్ధతి చేతిలో ఉండగా, పోలీసు శాఖలు కారును దాచడం మొదలుపెట్టాయి. 2006లో పోలీసు కారుగా వచ్చిన డాడ్జ్ ఛార్జర్ దీనికి బాగా పనికొచ్చింది. ముదురు బూడిద రంగు, పైన లైట్లుండవు, బానెట్ జాలీలోంచి మెరుస్తాయి. తలుపు మీద అక్షరాలు పెయింటు రంగులోనే ఉంటాయి, రాత్రి హెడ్‌లైటు పడితేనే కనబడతాయి. వీటికి ‘ఘోస్ట్’ స్టిక్కర్లని పేరు. దయ్యం అనే పేరు వాళ్లే పెట్టుకున్నారు, మేం పెట్టలేదు. ఇప్పుడు పెద్ద సెడాన్లే తగ్గిపోయాయి. ఫోర్డ్ పోలీసు సెడాన్ 2019లో ఆగింది, పాత ఛార్జర్ 2023 డిసెంబరులో. వాటి స్థానంలో వచ్చిన ఎక్స్‌ప్లోరర్ లాంటి ఎస్‌యూవీలు పిల్లల్ని స్కూల్లో దింపే బండ్ల మధ్య ఇంకా బాగా కలిసిపోతున్నాయి.

రంగుల కారు కనబడగానే తాగినవాడు కూడా బుద్ధిమంతుడైపోతాడని, ఫోను చూస్తూ నడిపేవాడిని పట్టాలంటే చాటు తప్పదని పోలీసులంటారు. ఆ మాటలో నిజముంది. కానీ మామూలు స్పీడింగ్‌కూ గోతికాడ నక్కలా కాచుక్కూర్చోవాలా? చాటు కారు ఒకడికి జరిమానా టికెట్ ఇస్తుంది, వెనక వస్తున్న వందమందికి ఆ సంగతే తెలియదు. కనబడే కారు ఆ వందమందినీ నెమ్మది చేస్తుంది. ఇది భద్రత కోసమా, ఖజానా కోసమా అన్న అనుమానం ఊరికే పుట్టలేదు. ఫెర్గూసన్ పట్టణ పోలీసులు ప్రజాభద్రత కన్నా జరిమానాల రాబడి మీద దృష్టి పెట్టారని 2015లో అమెరికా న్యాయశాఖ నివేదికే చెప్పింది. ట్రాఫిక్ తప్పు కళ్లెదుట జరిగితే చాలు, ఆపడం వెనక పోలీసు అసలు ఉద్దేశం ఏదైనా కావచ్చని 1996లో రెన్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ కేసులో వెంటపడిందీ గుర్తుల్లేని కారే.

అమెరికాలో ఉన్న మన పిల్లల సంగతి చూద్దాం. గుంటూరులోనో వరంగల్‌లోనో బండి ఆపితే కాగితాలు పట్టుకుని దిగి, ఎస్సైగారి దగ్గరికి ‘సార్ సార్’ అంటూ నడిచి వెళ్లడం మర్యాద. అక్కడ అదే పనిచేస్తే పోలీసు చెయ్యి తుపాకీ మీదికి పోతుంది. అందుకే సీనియర్లు మొదటి వారంలోనే నేర్పుతారు: దిగొద్దు, ఇంజను ఆపు, లోపలి లైటు వెయ్యి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టు, చెప్పకుండా డాష్‌బోర్డు అర తెరవకు. ఇవన్నీ కంఠస్థం చేసిన అమ్మాయి, రాత్రి పదకొండింటికి ఒంటరిగా వస్తుండగా, అక్షరం ముక్క లేని కారు వెనక లైట్లు వెలిగిస్తే ఏం చేయాలి? అనుమానముంటే బ్లింకర్లు వేసి, నెమ్మదిగా వెలుతురున్న చోటికి వెళ్లి, అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయమని చాలా పోలీసు శాఖలే చెబుతాయి. అదే పనిని వెనకున్న అధికారి పారిపోవడం అనుకుంటే? స్పీడింగ్ టికెట్‌తో వీసా పోదని ఎవరెంత చెప్పినా ఆ టెన్షన్ వేరు.

మనమేదో పద్ధతిగా ఉన్నామని కాదు. హైదరాబాద్‌లో కారు దాగదు గానీ కెమెరా పట్టుకున్న కానిస్టేబుల్ ఫ్లైఓవర్ స్తంభం చాటున దొరుకుతాడు, చలానా ఫోనుకు వస్తుంది. బ్రిటన్‌లో మాత్రం గస్తీ కార్లకు పసుపు, నీలం గళ్లు వేస్తారు, దూరంనుంచే కనబడాలని.

చాటు కారును పూర్తిగా తీసేయమని మేమనడం లేదు. చూసే పని అది చేసుకోనీ, ఆపడానికి మాత్రం రంగులున్న కారు రావాలి. కొత్త బండ్ల కొనుగోలు ఊరి కౌన్సిల్ ముందుకొచ్చినప్పుడు మాట్లాడే హక్కు అక్కడి జనానికి ఉంది. గుడి పర్మిషన్ కోసం బస్సుల్లో తరలివెళ్లే అమెరికాలోని ఫ్రిస్కో, ఎడిసన్ పట్టణాల తెలుగువాళ్లు మైకు ముందు దొరికే ఆ రెండు మూడు నిమిషాల్లో ఒకసారి ఈ మాట కూడా అడగొచ్చు.