‘బండి మీది కాదు, కేసూ మీది కాదు’ అట!

సంక్రాంతికి హైదరాబాదులో సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకొని విజయవాడ దారి పట్టేవారి కోసం ఎవరో రాసిన ‘అద్దె కారుకు యాక్సిడెంట్ అయితే? లాయరుగారు చెప్పిన ఏడు రహస్యాలు’ అనే సందేశం వారం రోజులుగా నా ఫోనులోకి వచ్చి పడుతూనే ఉంది. మొదట మా బావగారు పంపారు, తరువాత ఇద్దరు సహోద్యోగులు పంపారు, నిన్న మా అపార్ట్‌మెంటు గ్రూపులో కార్యదర్శిగారు ‘తప్పక చదవండి’ అన్న మాట తగిలించి పెట్టారు. ఆ లాయరుగారి పేరు మాత్రం ఎవరికి వచ్చిన కాపీలోనూ లేదు. ఏడింటిలో రెండు ఎవరికీ హాని చేయవు, ఒకటి నిజంగా మంచి సలహా, మిగిలిన నాలుగింటిని మాత్రం చూసీ చూడనట్టు వదిలేయడం నా వల్ల కాలేదు.

హాని చేయనివాటిని ముందే పక్కన పెడతాను. బయలుదేరేటప్పుడు టైరు కింద నిమ్మకాయ పెట్టమన్నారు, పెట్టుకోండి. టార్చిలైటు దగ్గర ఉంచుకోమన్నారు. అందరి ఫోనులోనూ ఉన్నది అదే.

‘ఫుల్ ఇన్సూరెన్సు ఉంటుంది కాబట్టి మీ జేబు నుంచి రూపాయి కూడా పోదు’ అన్నది మరొక రహస్యం. కారు తీసుకునేటప్పుడు ఫోనులో కిందికి జరిపి జరిపి ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కిన ఒప్పందంలో, డ్యామేజీలో మీరు భరించవలసిన మొత్తం ఎంతో, బండి షెడ్డులో ఉన్నన్ని రోజులకు అద్దె ఎవరు కట్టాలో రాసి ఉంటుంది. అది చదవనివారికే రూపాయి కూడా పోదన్న నమ్మకం కలుగుతుంది. ఇంతకంటే పెద్ద చిక్కు నంబరు ప్లేటు దగ్గర ఉంది. సెల్ఫ్ డ్రైవ్ అద్దెకు అనుమతి ఉన్న కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. పండుగ రోజుల్లో అవి దొరకక, తెలిసినవారి తెలిసినవారి దగ్గర తెల్ల బోర్డు కారును రోజుకింతని మాట్లాడుకొని తెచ్చుకునేవారు మనలో ఎందరో ఉన్నారు. సొంత వాడకానికి తీసుకున్న పాలసీలో, కిరాయికి తిప్పితే వర్తించదని స్పష్టంగా ఉంటుంది. డ్యామేజీ చూడడానికి బీమా సంస్థ పంపే సర్వేయరు ‘ఈ బండి మీకెలా వచ్చింది?’ అని అడిగితే మీరు చెప్పే జవాబే ఆ క్లెయిము తిరస్కరణకు కారణంగా నమోదవుతుంది.

‘అక్కడికక్కడే నగదు ఇచ్చి, కాగితం రాయించుకొని రాజీ పడండి’ అన్నారు. బీమా సంస్థ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం గానీ, డబ్బు ఇస్తామని మాట ఇవ్వడం గానీ చేయరాదని సాధారణ మోటారు పాలసీల షరతుల్లోనే ఉంది. పైగా బండి ఇంకొకరిది. దాని తరఫున రోడ్డు మీద సంతకాలు పెట్టే అధికారం మీకు ఎవరిచ్చారు?

‘చిన్న సొట్టలైతే దారిలో టింకరింగ్ చేయించి తిరిగి ఇచ్చేయండి, వాళ్లు గుర్తుపట్టరు’ అన్నదానికి జవాబుగా నా అనుభవమే చెబుతాను. రెండేళ్ల క్రితం శ్రీశైలం నుంచి తిరిగి వచ్చి కారు అప్పగించినప్పుడు, ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రవాడు దాని చుట్టూ ఒకసారి తిరిగి, మోకాళ్ల మీద కూర్చొని, ముందు బంపరు అడుగున వేలు నెమ్మదిగా పోనిచ్చి, ఒకచోట ఆపి, ‘ఇక్కడ గీసుకుంది సార్’ అన్నాడు. ఆ గీత నేను తీసుకోకముందే ఉందని నా నమ్మకం. రుజువు మాత్రం లేదు. డిపాజిట్లో 6,500 రూపాయలు పోయాయి. కంటికి కనబడని గీతను వేలితో పట్టుకున్నవాడు మీరు నకిరేకల్‌లో కొట్టించిన రంగును పట్టుకోలేడా? అందుకే ‘కారు తీసుకునే ముందు నాలుగు వైపులా, బంపరు అడుగున కూడా వీడియో తీయండి’ అన్న సలహాను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను. ఆ ఒక్క ముక్క నాకు రెండేళ్ల ముందు ఎవరైనా పంపి ఉంటే వారికి రుణపడి ఉండేవాడిని.

ఇక అన్నిటికంటే ముందు, ఎర్ర అక్షరాలలో ఉన్న రహస్యం ఇది: ‘ఎవరికైనా తగిలితే ఆపకండి. బండి మీ పేరున లేదు, కేసు కంపెనీ మీదికి పోతుంది. ఆసుపత్రికి తీసుకెళితే బిల్లు మీరే కట్టాలి.’ ఈ మూడు వాక్యాలను చదివి, బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టినవారిలో పిల్లలకు బడిలో పాఠాలు చెప్పే మాస్టారు కూడా ఉన్నారు.

బండి మీ పేరున లేదన్నది నిజమే. కానీ మీ లైసెన్సు కాపీ, ఆధార్, ఫోటో, ఏ గంటకు తాళం తీసుకున్నారో ఆ వివరం, అన్నీ ఆ కంపెనీ దగ్గర ఉన్నాయి. పోలీసులు అడిగితే నడిపినవాడి వివరాలు ఇవ్వడం యజమాని బాధ్యత అని మోటారు వాహనాల చట్టం 133వ సెక్షను చెబుతోంది. మిమ్మల్ని కాపాడడానికి వాళ్లు ఆ కాగితాలు మింగేస్తారనుకుంటున్నారా? నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీసిన కేసు నడిపినవాడి మీదే పడుతుంది, ఆర్‌సీలో పేరున్నవాడి మీద కాదు. గాయపడినవారికి వైద్యం అందేలా చూడడం, 24 గంటలలోపు దగ్గరి పోలీసు స్టేషనులో తెలియజేయడం, బీమా సంస్థకు రాసి ఇవ్వడం అనే పనులను 134వ సెక్షను డ్రైవరుకే అప్పగించింది. చేయకపోతే ఆరు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

పారిపోవడం వల్ల ఎవరికి ఏమి పోతుందో చూడండి. మీరు ఆగితే, బాధితుని కుటుంబం థర్డ్ పార్టీ బీమా కింద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లి, చనిపోయినవాని వయసు, సంపాదన, ఆధారపడినవారి సంఖ్య లెక్కగట్టి నిర్ణయించే పరిహారం పొందవచ్చు. మీరు ఆగక, బండి ఏదో తేలకపోతే, ఆ కుటుంబానికి ప్రభుత్వ పథకం కింద వచ్చేది ప్రాణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000. ఆసుపత్రి బిల్లు భయానికి కూడా ఇప్పుడు సాకు లేదు: 2025 మే నెలలో కేంద్రం నోటిఫై చేసిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితునికి గుర్తింపు పొందిన ఆసుపత్రులలో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స అందాలి. 108కి ఒక్క ఫోను చేయలేనంత తొందరలో ఈ మహారహస్యాన్ని మాత్రం నలభై మందికి పంపగలిగారు.

‘జనం కొడతారు కదా’ అని బావగారు అడిగారు. ఇది కొట్టిపారేయగల మాట కాదు, నేనూ ఒప్పుకుంటాను. చట్టమూ ఒప్పుకుంది: గుంపు ఆగ్రహం వల్ల సాధ్యపడకపోతే బాధితుని స్వయంగా ఆసుపత్రికి చేర్చకపోవడాన్ని అదే 134వ సెక్షను తప్పుపట్టదు. కానీ అప్పుడు వెళ్లవలసింది ఇంటికి కాదు, పోలీసు స్టేషనుకు. వెళ్లి, ఎందుకు చేర్చలేకపోయారో కూడా చెప్పాలి. దారిలోనే 112కు ఫోను చేస్తే సమయంతో సహా నమోదవుతుంది. అలాగే, దీనికి విరుగుడుగా కొందరు తిప్పుతున్న ‘పారిపోతే పదేళ్ల జైలు’ సందేశమూ సరికాదు. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పదేళ్ల శిక్షను చెప్పే 106(2) సెక్షనును 2024 జూలై 1న మిగతా సెక్షన్లతో పాటు అమల్లోకి తేలేదు. భయపెట్టడానికైనా అబద్ధం పంపనక్కరలేదు.

ఇదంతా రాసి కుటుంబ గ్రూపులో పెట్టి, ఈ పండుగకు తీసుకోబోయే కారు ప్లేటు ఏ రంగుదని బావగారిని అడిగాను. ఇంకా జవాబు రాలేదు. ఈలోగా అదే ఏడు రహస్యాల సందేశం ఆయన దగ్గర నుంచి మా పెళ్లిళ్ల గ్రూపులోకి వచ్చింది.