తప్పు దాస్తే రోగికే ముప్పు

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఒక్క రోజే 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. రోజుల వ్యవధిలోనే వారిలో నలుగురు చనిపోయారు. ఇలాంటి ఆపరేషన్ల శిబిరాలను మూడేళ్లలో ఎత్తేయాలని సుప్రీంకోర్టు 2016లోనే దేవికా బిశ్వాస్ కేసులో చెప్పింది. అయినా ఆ నలుగురి ప్రాణాలూ పోయాయి. ఆ తర్వాత విచారణ, చర్యలు, పరిహారం. ఈ వరుస మనకు కొత్తది కాదు.

కేంద్ర ప్రభుత్వ లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో లక్షా 20 వేల మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం, అందులో 30 పడకలు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పురిటి నొప్పులొచ్చినా, పొలంలో పాము కరిచినా, హైవే మీద బండి గుద్దినా చాలామందికి ముందు దొరికేది ఆ దవాఖానే. రాత్రి డ్యూటీలో ఒక్క స్టాఫ్ నర్సే కాన్పుల గదినీ వార్డునూ చూసుకోవాల్సి వస్తే తప్పు దొర్లకుండా ఎలా ఉంటుంది? దొర్లింది బయటికి రాకపోవడం ఇంకా ప్రమాదం.

నల్లగొండ వైపు వార్డులో నిలబడి ‘యాదమ్మా’ అని పిలిస్తే ఇద్దరైనా పలుకుతారు. సూది పట్టుకుని వెళ్లి ‘యాదమ్మవు నువ్వేనా?’ అంటే జ్వరంతో మూలుగుతున్న ముసలమ్మ దేనికైనా తల ఊపుతుంది. అలా కాదు, ‘నీ పేరేందమ్మా, వయసెంత, ఏ ఊరు?’ అని ఆమె నోటితోనే చెప్పించి కేస్‌షీటుతో సరిచూసుకోవాలి. రోగి భద్రతలో ఇది మొదటి మెట్టు. దీనికి నిధులు అక్కర్లేదు, అర నిమిషం తీరిక కావాలి.

ఆపరేషన్ థియేటర్లో ఆ తీరిక ఇంకా కరువు. క్రిములను చంపే గ్లుటరాల్డిహైడ్ ద్రావణంతో శుద్ధి చేసేచోట లాపరోస్కోపును (కడుపులోకి పంపి చూసే గొట్టం లాంటి పరికరాన్ని) రోగికీ రోగికీ మధ్య కనీసం 20 నిమిషాలు అందులో ముంచి, స్టెరైల్ నీళ్లతో కడగాలి. బెంచీల మీద పాతిక మంది పరగడుపున ఎదురుచూస్తుంటే ఆ 20 నిమిషాల మీదే అందరి కన్నూ పడుతుంది. ఆవిరి వేడితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో పెట్టే డ్రమ్ముకు అంటించిన టేపు మీద చారలు నల్లబడితే చాలనుకునేవారూ ఉన్నారు. డ్రమ్ముకు వేడి తగిలిందని మాత్రమే ఆ చారలు చెబుతాయి, లోపలి గుడ్డల్లో క్రిములన్నీ చచ్చాయని కాదు. ఇది తెలిసిన నర్సు ‘సార్, ఇంకాసేపు ఆగుదాం’ అంటే విసుక్కోకుండా ఆగే డాక్టరు ఉండాలి. మన దవాఖానల్లో ఆ మాట అనడానికే జంకు.

చేతిలోకి తీసుకున్న మందు వేరేదని చివరి క్షణంలో గమనించి ఆగిపోయిన సంగతి ఇంటికెళ్లి చెప్పుకుంటారు గానీ రిజిస్టర్లో రాయరు. రాస్తే మెమో వస్తుందని టెన్షన్. శుభ్రంగా ఉన్న ప్రభుత్వ దవాఖానలకిచ్చే, 2015లో మొదలైన కాయకల్ప్ అవార్డులతో పరిశుభ్రతపై కొంత శ్రద్ధ పెరిగిన మాట నిజం. అయితే తనిఖీ బృందం వస్తోందంటే ఏ రకం చెత్తను ఆ రకంగా వేరుచేసే రంగురంగుల డబ్బాలు వరుసలో నిలబడటం, జీపు గేటు దాటగానే సూదులూ దూదీ ఒకే డబ్బాలో పడటం ఎవరెరుగనిది?

హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన సెప్టెంబర్ 17ను ఏ పేరుతో జరపాలన్న దానిపై మన నాయకులు ఏటా వాదులాడుకుంటారు. 2019 నుంచి అదే రోజు ప్రపంచ రోగి భద్రతా దినం కూడా. దాని ఊసెత్తినవారు మాకు పెద్దగా కనబడలేదు.

తన పొరపాటును తానే రాసిచ్చిన ఉద్యోగికి మెమో ఉండదని వైద్య ఆరోగ్య శాఖ లిఖితపూర్వకంగా చెప్పాలి. తెలిసీ దాచినవారిని మాత్రం వదలొద్దు. రాత్రి డ్యూటీకి రెండో నర్సును వేయాలి. జిల్లా నాణ్యతా కమిటీలు ఈ పొరపాట్ల నివేదికలను రోగుల పేర్లు తీసేసి నెలనెలా బయటపెట్టాలి. ఏడాది పొడవునా ఒక్క పొరపాటూ జరగలేదని రాసిచ్చిన దవాఖానకు శాలువా కప్పకుండా, అధికారులు మొదటి తనిఖీకి అక్కడికే వెళ్లాలి.