రంగు కింద తుప్పు

అణు విద్యుత్ కేంద్రం భద్రత అనగానే మన చూపు రియాక్టర్ మీదికే పోతుంది. 2007 అక్టోబరులో అమెరికాలోని బైరాన్ కేంద్రంలో రెండు యూనిట్లనూ ఆపించింది మాత్రం ఓ నీళ్ల పైపు. భద్రతా వ్యవస్థల వేడిని మోసుకొచ్చే నీటిని కూలింగ్ టవర్‌కు ఎక్కించే 24 అంగుళాల ఉక్కు గొట్టమది. పైతుప్పును వైర్ బ్రష్‌తో గీకుతుంటేనే చిల్లుపడింది. తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల గోడను చెమ్మ బయటినుంచే తినేసింది. పలచబడుతోందని తెలిసీ, ‘ఇంత మందం చాలు’ అనే హద్దునే లెక్కలు తిరగరాసి దించుకుంటూ పోయారు. చివరికది ముప్పావు మిల్లీమీటరుకు చేరింది! పైపును మార్చాల్సినవాళ్లు కాగితాన్ని మార్చారు.

ఉత్తర తెలంగాణలో అణు కేంద్రం లేదు, మనకెందుకు అనుకోవద్దు. రామగుండం ఎన్టీపీసీ తొలి యూనిట్ 1983 నాటిది. మహారాష్ట్రలోని తారాపూర్ అణు కేంద్రంలో తొలి రెండు యూనిట్లు 1969వి. తుప్పు పట్టే తీరు రెండుచోట్లా ఒకటే.

పైపు నడుమ కంటే అది సపోర్టు మీద ఆనేచోట, గోడలోంచి దూరేచోట, వాల్వు కారే చుక్క పడేచోట ముందు చూడాలి. వేడి పోకుండా చుట్టిన ఇన్సులేషన్ ఉంటే, దాని పైరేకు అతుకుల్లోంచి దిగిన వాననీరు అడుగున చేరుతుంది. కార్బన్ స్టీల్‌కు సుమారు 175 డిగ్రీల వరకూ ఈ బెడద తప్పదు. స్టెయిన్‌లెస్ స్టీల్ సంగతి వేరు. 60 డిగ్రీలు దాటి క్లోరైడ్ తగిలితే అది పలచబడదు, సన్నగా చీలుతుంది. మందం కొలిచే గేజ్ ఆ చీలికను పట్టలేదు, చీలికలోకి రంగుద్రవం ఇంకించి చూసే డై పెనెట్రంట్ పరీక్ష చేయాల్సిందే.

పెచ్చులు కట్టిన తుప్పు మీద, ధ్వని తరంగాలతో మందం కొలిచే అల్ట్రాసోనిక్ ప్రోబ్ కుదురుగా ఆనదు. రీడింగ్ రాలేదంటే పైపు బాగున్నట్టు కాదు. ముందు గీకి శుభ్రం చేయాలి. ఆ పని కూడా లైన్‌ను వేరుచేసి, ఒత్తిడి దించాకే చేయాలి.

లెక్కలోనూ ఓ తిరకాసుంది. 9.5 మిల్లీమీటర్ల గోడ 20 ఏళ్లలో 6.5కు వచ్చిందంటే ఏడాదికి 0.15 పోయినట్టు కనిపిస్తుంది. కనీస మందం 4.5 అనుకుంటే ఇంకో 13 ఏళ్లు ఢోకా లేదనిపిస్తుంది. కానీ తొలి 12 ఏళ్లు రంగు కాపాడి ఉంటే, ఆ 3 మిల్లీమీటర్లూ 8 ఏళ్లలోనే పోయినట్టు. అప్పుడు మిగిలింది ఐదేళ్లే.

చదరపు మీటరుకు ఇంతని రంగుకే డబ్బు కడితే ఏ కాంట్రాక్టరూ తుప్పు జోలికి పోడు. పొక్కుల మీదే పూత పడుతుంది. పైన పటారం, లోన లొటారం. అందుకే టెండర్‌లో గీకుడుకూ, కొలతకూ వేరే పద్దులుండాలి. కొలత నమోదయ్యాకే ప్రైమర్ వేయాలి. కనీస మందం హద్దును తగ్గించాలంటే ప్లాంటుతో సంబంధం లేని నిపుణుడి సంతకం తప్పనిసరి చేయాలి. వరంగల్ నిట్‌లో లోహశాస్త్ర విభాగమే ఉంది. రామగుండం, చెల్పూరు ప్లాంట్లలో వచ్చే ఓవర్‌హాలింగ్‌కే వాళ్లను పిలవొచ్చు.