పక్క మంచం పాఠం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వెన్ను విరిగి మంచాన పడిన మనిషి ఇంటికి వెళ్లి ఏమైందని అడిగితే వినిపించే జవాబులు నాలుగైదే. పదహారో నంబరు జాతీయ రహదారి మీద బైకును లారీ కొట్టింది. కల్లు గీయడానికి తాటిచెట్టు ఎక్కితే మోకు తెగింది. ఇల్లు కడుతుంటే పరంజా విరిగింది. క్వారీలో రాయి దొర్లి మీద పడింది. గట్టు లేని బావిలో చీకట్లో కాలుజారింది. పడినవాడు చాలాసార్లు ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టే వయసువాడే. నలుగురూ పరుగెత్తుకొచ్చి చేతులూ కాళ్లూ పట్టి ఎత్తి ఆటోలో వేస్తారు. అది ఆదుర్దాతో చేసే సాయమే అయినా, విరిగిన పూస కదిలి అప్పటిదాకా బాగున్న వెన్నుపాము నలిగిపోయే ప్రమాదం ఆ ఎత్తడంలోనే ఉంది. మెడా నడుమూ కదలనివ్వకుండా ఉన్నచోటనే ఉంచి 108 కోసం ఆగాలన్న ఒక్క మాట ఊరూరా చెప్పగలిగితే కొందరి కాళ్లయినా నిలుస్తాయి.

మేము ఈరోజు ప్రస్తావించదలచింది మాత్రం ఆ తర్వాతి సంగతి. ఆపరేషన్ జరిగి, కుట్లు విప్పి, డిశ్చార్జి కాగితం చేతికిచ్చి, ఇక ఇంటికి తీసుకెళ్లమన్న తర్వాత ఆ మనిషి ఎక్కడికి పోవాలి? కేంద్ర ప్రభుత్వం 2025 మేలో అమల్లోకి తెచ్చిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితుడికి ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయల మేరకు, చేతి నుంచి డబ్బు కట్టకుండా చికిత్స అందుతుంది. ప్రాణం నిలబెట్టే ఈ ఏర్పాటును మేము మనసారా స్వాగతిస్తున్నాము. కాని వెన్ను విరిగిన వాడి కష్టం ఎనిమిదో రోజుతో తీరదు. తెగిన వెన్నుపామును మళ్లీ అతికించే వైద్యం ఇప్పటికీ లేదు. నడుము కింద స్పర్శ పోయిన మనిషి ఆ దేహంతోనే దశాబ్దాల పాటు బతకగలడు. ఆ బతుకు ఎలా బతకాలో నేర్చుకోవడానికి మన జిల్లాలవారు తరతరాలుగా రాయవేలూరుకో చెన్నైకో దారి పడుతున్నారు. దారి ఖర్చులు భరించలేనివారు ఇంట్లోనే మంచానికి అంటుకుపోతున్నారు.

పునరావాస ఆసుపత్రి అంటే వ్యాయామం చేయించే గది అని చాలామంది అధికారులు సైతం అనుకుంటారు. ఇనుప కమ్మీలు, కప్పీలు, సైకిలు తొక్కే యంత్రం కొని ఒక ఫిజియోథెరపిస్టును నియమిస్తే పని అయిపోయినట్టే భావిస్తారు. మా అభిప్రాయం వేరు. వెన్నుపాము దెబ్బతిన్నవారు అటువంటి చోట నెలల తరబడి ఉంటారు. అన్నాళ్లు ఒకే కప్పు కింద పడుకొని, ఒకే హాల్లో తిని, ఒకరి కష్టం ఒకరు చూసినవారి మధ్య ఒక చిన్న ఊరు ఏర్పడుతుంది. ఆ ఊరి జీవితమే చికిత్సలో సగం. దాన్ని వదిలేసి యంత్రాలు మాత్రమే కొంటే ప్రభుత్వం పెట్టిన ఖర్చులో సగం వృథా అవుతుంది.

ఎందుకో వివరంగా చెప్పాలి. స్పర్శ లేనిచోట ఒత్తిడికి పుండ్లు పడకుండా, మంచం మీద ఉన్నంతకాలం రెండు గంటలకోసారి పక్కకు తిరగాలి. కుర్చీలో కూర్చున్నప్పుడు పావుగంటకో అరగంటకో రెండు చేతుల మీద ఒళ్లు పైకి లేపాలి. మూత్రాన్ని నాలుగు నుంచి ఆరు గంటలకోసారి శుభ్రమైన గొట్టంతో తీసుకోవాలి. మలవిసర్జనకు రోజూ ఒకే వేళ అలవాటు చేయాలి. డాక్టరు ఇవన్నీ చెబుతారు, నర్సు చేసి చూపిస్తుంది, కాగితం మీద అచ్చువేసి కూడా ఇస్తారు. అయినా కొత్తగా వచ్చిన కుర్రవాడు వినడు, ఎందుకంటే రేపోమాపో లేచి నడుస్తానన్న ఆశతో ఉన్నవాడికి కుర్చీలో కూర్చునే పద్ధతి నేర్పబోవడం ఆ ఆశను కాజేయడంలా అనిపిస్తుంది. అతని పక్క మంచం మీద ఐదేళ్ల కిందట పడి, పుండు మానక మళ్లీ చేరిన మనిషి ఉంటాడు. వెనుక జేబులో తాళంచెవి ఉన్న సంగతి తెలియక పూటంతా దాని మీద కూర్చున్నానని, పుండు ఎముక దాకా పోయిందని అతడు చెబుతాడు. పెళ్లికి వెళ్లేరోజు మూత్రపు సంచీ నిండుతుందన్న సిగ్గుతో నీళ్లు తాగడం మానేసి జ్వరం తెచ్చుకున్నానంటాడు. వేడి అన్నం గిన్నె ఒడిలో పెట్టుకుంటే తొడ కాలిన వాసన వచ్చాకగాని తెలియలేదంటాడు. ఛాతీ పైభాగంలోనో మెడలోనో దెబ్బ తగిలినవారికి ఉన్నట్టుండి తల పగిలేంత నొప్పి వచ్చి చెమటలు పోస్తే, మాత్ర కోసం వెతకడం కన్నా ముందు కూర్చోబెట్టి మూత్రపు గొట్టం మడతపడిందేమో చూడాలన్న ప్రాణరక్షక సూత్రం కూడా ఇలాగే ఒకరి నోట ఒకరికి చేరుతుంది. భార్యాభర్తల సంబంధం గురించి, పిల్లలు పుడతారా లేదా అన్న దాని గురించి డాక్టరును అడగడానికి నోరు రాని మాటలు దీపాలార్పిన తర్వాత పక్క మంచాన్ని అడగవచ్చు.

ఈ సత్యాన్ని మనకన్నా ముందే గుర్తించినవారున్నారు. వెన్నుపాము గాయాలవారిని ఎక్కువ కాలం బతకనివారిగా లెక్కకట్టి పక్కన పడేసిన కాలంలో, 1944లో, ఇంగ్లాండులోని స్టోక్ మాండెవిల్‌లో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ వారికోసం ప్రత్యేక విభాగం తెరిచారు. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ ఆరంభమైన రోజునే, ఆ ఆసుపత్రి ఆవరణలో 16 మంది గాయపడిన సైనికుల చేత విలువిద్య పోటీ ఆడించారు. అదే పెరిగి పారాలింపిక్స్ అయింది. 1965 యుద్ధంలో తూటాలు తగిలిన మురళీకాంత్ పేట్కర్ 1972లో హైడెల్‌బర్గ్‌లో ఈతలో మన దేశానికి మొదటి పారాలింపిక్ స్వర్ణం తెచ్చారంటే దాని మూలాలు ఆసుపత్రి పచ్చికలో ఉన్నాయి.

మనకు మరింత దగ్గరి ఉదాహరణ డాక్టర్ మేరీ వర్గీస్. రాయవేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సిఎంసి)లో యువ వైద్యురాలిగా ఉండగా 1954లో కారు ప్రమాదంలో ఆమె వెన్ను దెబ్బతిని కాళ్లు పడిపోయాయి. ఆమె చక్రాల కుర్చీలోనే కూర్చొని కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు, అమెరికా వెళ్లి పునరావాస వైద్యంలో శిక్షణ పొందారు, తిరిగొచ్చి ఆ విభాగాన్ని నిలబెట్టారు. 1966లో అక్కడ బాగాయంలో పునరావాస సంస్థ ప్రారంభమైంది. కుర్చీలో కూర్చున్న డాక్టరు కుర్చీలో కూర్చున్న రోగి ఎదురుగా ఉన్నప్పుడు సగం మాటలు చెప్పకుండానే అర్థమవుతాయి. ఇళ్లకు వెళ్లిన పాత రోగులను మేళా పేరుతో మళ్లీ పిలిపించి, పరీక్షలు చేసి, ఆటలాడించి పంపే సంప్రదాయం కూడా అక్కడ ఉంది. మన జిల్లాల నుంచి వెళ్లి కుర్చీ నడపడం నేర్చుకొని వచ్చినవారు ఆ సంస్థకు ఎంతగానో రుణపడి ఉన్నారు, వారితోపాటు మేమూ.

అయితే పొరుగు రాష్ట్రపు వార్డులో మనవారికి ఒక లోటు తప్పదు. పక్క మంచం పాఠం మాతృభాషలో వినిపించాలి. తమిళం, బెంగాలీ మాట్లాడే మంచాల మధ్య ఉదయగిరి రైతు వ్యాయామం నేర్చుకోగలడు గాని మనసు విప్పుకోలేడు. మెట్ట పొలంలో గట్లు ఎలా దాటాలి, రొయ్యల చెరువు కాపలా పనికి మళ్లీ పోవచ్చా, పడవెక్కలేని మత్స్యకారుడు వల అల్లి ఎంత సంపాదించగలడు అన్నవి ఈ నేల మీది ప్రశ్నలు. వాటికి జవాబు ఈ నేల మీద పడి లేచినవాడి దగ్గరే దొరుకుతుంది.

మెదడుకు దెబ్బ తగిలినవారి పరిస్థితి ఇంకా క్లిష్టం. గాయం పైకి కనిపించదు. మనిషి నడుస్తాడు, పలకరిస్తే మాట్లాడతాడు, కాని పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు, చిన్న మాటకే కంచం విసిరికొడతాడు, పరామర్శకు వచ్చినవారి ముందు నవ్వుతాడు. నుదుటి వెనుక ఉండే మెదడు భాగం దెబ్బతింటే కోపాన్ని, తొందరపాటును అదుపులో ఉంచే శక్తి సన్నగిల్లుతుందని తెలియనివారు పొగరంటారు, గాలి సోకిందంటారు. మా వాడు ఇలాంటివాడు కాదని తల్లి ఎంత చెప్పినా ఎవరూ వినరు. హెల్మెట్ పెట్టుకోని ఒక్క ప్రయాణం ఇంత పని చేస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల జాబితాలో మెదడు గాయం తన పేరుతో లేకపోవడం వల్ల ఈ కుటుంబాలకు వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ దగ్గరే చిక్కు ఎదురవుతోంది.

ఇలాంటి మనిషికి వార్డు జీవితం ఆసరా అవుతుంది. గోడ మీద పెద్ద అక్షరాలతో తేదీ, వారం, ఊరి పేరు రాసి ఉంటాయి. జేబులో చిన్న పుస్తకం ఉంటుంది. రోజూ అదే వేళకు అదే పని జరుగుతుంది. అన్నింటికన్నా ముఖ్యంగా, ఒకే మాట పదిసార్లు అడిగినా విసుక్కోని మనుషులుంటారు. వెన్ను దెబ్బతిన్నవారిని, మెదడు దెబ్బతిన్నవారిని ఒకే ప్రాంగణంలో ఉంచే చోట్ల ఒక దృశ్యం తరచూ కనిపిస్తుంది. నడవగలిగినా దారి గుర్తుండనివాడు కుర్చీ తోస్తుంటే, దారి తెలిసినా నడవలేనివాడు అందులో కూర్చొని మలుపులు చెబుతుంటాడు. ఏ చికిత్సా పట్టికలోనూ ఇది రాసి ఉండదు.

ఇక తోడుగా వచ్చినవారు. భార్య, తల్లి, అక్క. కూలి మానుకొని, పిల్లలను అమ్మమ్మ ఇంట వదిలి, రోగి మంచం కింద చాప పరుచుకొని నెలల తరబడి పడుకునేవారు వాళ్లే. ఆసుపత్రి వారిని 'అటెండెంటు' అనే ఒక్క మాటతో సరిపెడుతుంది. మనిషిని మంచం నుంచి కుర్చీకి మార్చేటప్పుడు తన నడుము పట్టేయకుండా ఎలా వంగాలో ఆమెకు నేర్పేవారు తక్కువ. నేర్పేది మళ్లీ పక్క మంచం భార్యే. ఒకే పొయ్యి మీద అందరూ వండుకునే గది ఉన్నచోట, పులుసు గిన్నె చేతులు మారే చోట, ఒకామె ఊరికి వెళ్లాల్సి వస్తే ఇంకొకామె ఆమె భర్తను కూడా రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతుంది. మేము కొత్త ఆసుపత్రుల నమూనాలు చూసినప్పుడల్లా వంటగది కోసం వెతుకుతాము. సాధారణంగా అది ఉండదు.

రాష్ట్ర ప్రభుత్వం 2024లో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారి పింఛనును నెలకు 15,000 రూపాయలకు పెంచింది. ఎన్నో ఇళ్లలో గౌరవం తిరిగి తెచ్చిన నిర్ణయమది. అయితే పింఛను అందుకుంటున్న మనిషి పుండ్లతో, మూత్రపిండాల చీముతో అదే డబ్బును ప్రైవేటు ఆసుపత్రికి కట్టే పరిస్థితి రాకూడదు. ఆర్థిక శక్తి మేరకు పునరావాస సేవలు నడపడం ప్రభుత్వాల బాధ్యతని 2016 చట్టంలోని 27వ సెక్షన్ చెబుతోంది. నెల్లూరులో కేంద్ర ప్రభుత్వపు దివ్యాంగుల సంయుక్త ప్రాంతీయ కేంద్రం ఉంది, నెల్లూరులోనూ ఒంగోలులోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. పునాది లేదనడానికి వీల్లేదు.

అందుచేత మేము కోరుతున్నది ఇది. రెండు జిల్లాలకూ కలిపి, వెన్నుపాము, మెదడు గాయాలవారు నెలల తరబడి కుటుంబంతో ఉండదగిన ఒక ప్రభుత్వ పునరావాస విభాగం రావాలి. అది పై అంతస్తులో ఉండకూడదు, లిఫ్టు పాడైన రోజున వార్డంతా బందీ అవుతుంది. నేల మీద, ముంగిట చెట్టు నీడతో, కుర్చీలు తిరిగే ఆవరణతో, సాయంత్రం క్యారంబోర్డు ఆడుకోవడానికి, ఉగాది పచ్చడికీ రంజాన్ ఇఫ్తారుకూ అందరూ చేరడానికి హాలుతో, తోడువారికి మంచాలతో, వంటగదితో ఉండాలి. గడప, మెట్లు, బయటి మరుగుదొడ్డి, బురద దారి ఉన్న మామూలు పల్లెటూరి ఇంటి నమూనా ఒకటి ఆ ప్రాంగణంలోనే కట్టి, ఇంటికి పంపే ముందు వారంపాటు అందులో ఉంచి చూడాలి. కుర్చీలను శిబిరాల్లో ఒకే కొలతతో పంచడం మాని మనిషి తుంటి వెడల్పు కొలిచి ఇవ్వాలి, కొలత తప్పిన కుర్చీ కూడా పుండ్లు తెస్తుంది. ప్రపంచ వెన్నుపాము గాయాల దినమైన సెప్టెంబరు 5న ఏటా పాత రోగులందరినీ బస్సు ఖర్చులిచ్చి పిలిపించాలి. ఆ రోజే ఉపాధ్యాయ దినోత్సవం కూడా.

ఇంకొక్కటి. పక్క మంచం మీద చేరినవాడు అదృష్టవశాత్తు అనుభవజ్ఞుడు కావడం మీద ఈ చికిత్స ఆధారపడకూడదు. ప్రతి పది మంచాలకు ఒకరి చొప్పున, ఇదే గాయంతో బతుకుతున్నవారిని జీతమిచ్చి నియమించుకోవాలి. డాక్టరు, నర్సు, ఫిజియోథెరపిస్టు పోస్టులతోపాటే ఆ పోస్టుకూ జీతాల పద్దులో చోటుండాలి. దానికి వేసే ప్రకటనలో అర్హతల వరుసలో డిగ్రీ కన్నా ముందు చక్రాల కుర్చీలో కనీసం మూడేళ్ల అనుభవం అని ఉండాలి.