భోజనాల పిలుపు తర్వాత చదివిన పేరు

ఇక్కడ బ్రిటన్‌లో మన సంఘం జరిపిన మొన్నటి ఉగాది వేడుకలో పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం, చిన్నారుల కూచిపూడి అన్నీ యథాప్రకారం ఆలస్యంగానైనా నిండు సభ ముందే జరిగాయి. బాలప్రతిభా సత్కారంలో గ్రామర్ స్కూలు ప్రవేశ పరీక్ష నెగ్గినవారికీ, గణితంలో పతకాలు తెచ్చుకున్నవారికీ శాలువాలు కప్పి, తల్లిదండ్రులను కూడా వేదికపైకి పిలిచారు. మా తోడల్లుడి అమ్మాయి పేరు మాత్రం భోజనాలు సిద్ధమన్న ప్రకటన వెలువడ్డాక, 'ఇతర విజయాలు' అనే పద్దు కింద, కుర్చీల చప్పుడులో వినిపించీ వినిపించకుండా పోయింది. పదకొండేళ్ల ఆ పిల్ల విల్టన్ మిల్ కార్టింగ్ (చిన్న రేసు బండ్ల పందేలు) క్లబ్బు పోటీల్లో, చిన్నపిల్లలదైన క్యాడెట్ విభాగంలో మూడో స్థానం సాధించింది. కప్పు పట్టుకుని దిగివస్తుంటే కార్యవర్గంలోని ఒక పెద్దాయన, "పుట్టినరోజు పార్టీల్లో ఆడిస్తారే, అదేనా అమ్మా?" అని ఆప్యాయంగానే అడిగారు. ఆ ఆప్యాయతే నన్ను ఎక్కువ బాధించింది.

అది ఏమిటో తెలియాలంటే ఒక ఆదివారం ఉదయం ఆ ట్రాక్ పక్కన నిలబడాలి. స్పానర్ పట్టడం కూడా రాని సాఫ్ట్‌వేర్ ఇంజనీరైన మా తోడల్లుడు సెకండ్‌హ్యాండ్ కార్టు ముందు మోకాళ్ల మీద కూర్చుని టైర్లలో గాలి కొలుస్తూ, మబ్బును చూసి వాన టైర్లు వేయాలా వద్దా అని మథనపడుతుంటాడు. రేసు అయ్యాక ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించిన లెక్కలు చూసి, ఏ మలుపులో పదోవంతు సెకను పోయిందో తండ్రికి ఆ పిల్లే వివరిస్తుంది. గణిత పతకానికి కప్పిన శాలువా దీనికి ఎందుకు తగదో నాకు బోధపడలేదు.

ఇది డబ్బున్నవారి ఆట అన్న మాటను నేను కాదనను. కార్టింగ్ దాటి అసలు రేసు కార్ల తొలి మెట్టైన ఫార్ములా 4 (ఎఫ్4) స్థాయికి చేరితే ఒక్క సీజనుకే లక్షల పౌండ్లు కావాలి, మధ్యతరగతి ఇల్లు ఏదీ దానిని భరించలేదు. అందుకే ఈ ఆటలో నలుగురి కంట పడడమే సగం పెట్టుబడి, ఎందుకంటే చూసేవారు లేనిచోట స్పాన్సర్ నిలవడు. మహిళల కోసం 2019లో మొదలైన కారు రేసుల పోటీ డబ్ల్యూ సిరీస్ 2022లో నిధులు లేక సీజను మధ్యలోనే ఆగిపోయింది. అమ్మాయిల కోసమే 2023లో ఫార్ములా 1 (ఎఫ్1) నిర్వాహకులు తెచ్చిన రేసుల పోటీ ఎఫ్1 అకాడమీకి కూడా తొలి ఏడాది ఆస్టిన్‌లోని ఆఖరి రౌండు వరకు ప్రత్యక్ష ప్రసారమే లేదు. మరుసటి ఏడాది రౌండ్లన్నీ ఎఫ్1 వారాంతాల్లోనే పెట్టి, పది ఎఫ్1 జట్లూ తలా ఒక కారుకు తమ రంగులు ఇచ్చేసరికి ఆ అమ్మాయిల పేర్లు జనం నోట నానాయి. 2021లో డబ్బు చాలక బ్రిటిష్ ఎఫ్4ను మధ్యలో వదిలేసిన అబీ పుల్లింగ్, 2024లో ఆ అకాడమీ విజేతగా నిలిచి, ఎఫ్4 కంటే పై స్థాయిదైన బ్రిటన్ పోటీ జీబీ3లో పూర్తి ఖర్చులతో సీటు సంపాదించింది.

మనకు ఆసక్తి లేదనడం కూడా నిజం కాదు. 2023లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ ఎలక్ట్రిక్ రేసు కార్లు పరుగెత్తిన రోజు మన వాట్సాప్ గ్రూపుల్లో వీడియోలు ఆగలేదు. 2025లో బెంగళూరు కుర్రాడు కుశ్ మైని మొనాకోలో, ఎఫ్1కు ఒక్క మెట్టు కిందిదైన ఫార్ములా 2లో స్ప్రింట్ (పొట్టి) రేసు గెలిచినప్పుడు మాత్రం ఆ గ్రూపుల్లో అలికిడే లేదు. అతడు అంతకు ముందు ఈ బ్రిటన్‌లోనే ఎఫ్3 ఆడి 2020లో రెండో స్థానంలో నిలిచినవాడు. గెలిచి పేరు తెచ్చుకున్నాక మనవాడనడం మనకు బాగా అలవాటే కానీ, గెలవకముందు చేయి అందించడమే మనకు ఇంకా చేతకాలేదు.

శాలువాల సంస్కృతిని వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు, నిజానికి నేను అడుగుతున్నది ఆ శాలువానే. దీపావళి సంచికలో బాలల రేసింగ్‌కు ఒక పేజీ ఇవ్వండి, సత్కారాన్ని భోజనాలకు ముందు జరపండి, క్రికెట్ జెర్సీల మీద పేర్లు వేయించుకునే మన రెస్టారెంట్ల, మార్ట్‌గేజ్ ఆఫీసుల యజమానుల్లో ఒక్కరైనా ఒక కార్టు మీద తమ పేరు రాయించండి. మా ఇంటి పిల్ల కనుక రాస్తున్నానని అనిపిస్తే, ఆమెను పక్కన పెట్టి మన సంఘంలో కార్టింగ్ చేస్తున్న మిగతా పిల్లలతో మొదలుపెట్టినా నాకు సమ్మతమే.