షేర్ బటన్ ఉండగా కాపీ పేస్ట్ ఎందుకు?

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి మా విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీళ్లలో ఉన్నాయి. మా పిన్ని వాళ్లది సింగ్‌నగర్‌లో కింది వాటా. పైవాటా వాళ్లింట్లోకి ఎక్కి కూర్చున్నారు, కరెంటు లేదు, బాబాయి రోజూ వేసుకోవాల్సిన బీపీ మాత్రలు కింద నీళ్లలోనే ఉండిపోయాయి. మా తమ్ముడు ఆ సాయంత్రం ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టాడు. వీధి పేరు, ఇంటి గుర్తు, పిన్ని ఫోన్ నంబరు రాసి, ఏదైనా పడవ అటు వెళ్తుంటే కాస్త చూడమని అడిగాడు. ఆ పోస్టు మాకు మేలే చేసింది, మంగళవారం పొద్దున ఇద్దరూ పడవలో బయటికొచ్చారు. వాడు వెంటనే పోస్టు ఎడిట్ చేసి, క్షేమంగా వచ్చేశారు, ఇక ఫోన్లు చేయకండి అని పైనే రాశాడు.

షేర్ బటన్ నొక్కి పంచుకున్నవాళ్ల దగ్గర ఆ మాట కూడా కనిపించింది. కాపీ చేసి వాట్సాప్ గ్రూపుల్లో వేసినవాళ్ల దగ్గర మాత్రం పిన్ని ఇంకా పడవ కోసం ఎదురుచూస్తూనే ఉంది. తేదీ పోయింది, రాసిన మనిషి పేరు పోయింది, పైన 'అర్జంట్, అందరికీ పంపండి' అని కొత్తగా చేరింది. దసరా వెళ్లాక కూడా ఫోన్లు వస్తూనే ఉన్నాయి. మా విసుగు సంగతి అలా ఉంచండి. వాళ్లు బయటపడిన మర్నాడే, బుధవారం, ఒక కుర్రాడు పిన్నికి ఫోన్ చేసి, "అమ్మా, మీ సందు మొగలోనే ఉన్నాం, పడవ లోపలికి తిరగట్లేదు, మీరు ఏ మేడ మీద ఉన్నారో చెయ్యి ఊపగలరా" అని అడిగాడట. ఆ వారంలోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది, ఊళ్లో పడవలు ఎన్ని దింపినా చాలట్లేదు. ఆ గంటలో ఆ పడవ ఇంకెవరి గుమ్మానికో వెళ్లాల్సింది.

అప్పటినుంచి నేను ఈ విషయం మీద పట్టుదలగా మాట్లాడుతున్నాను. ఇంకొకరి పోస్టును షేర్ బటన్‌తో పంచుకుంటే దాని మీద రాసినవాళ్ల పట్టు పోదు. వాళ్లు తప్పు దిద్దుకుంటే మన దగ్గరా దిద్దుకుంటుంది, తీసేస్తే మన దగ్గరా పోతుంది, స్నేహితులకు మాత్రమే అని పెట్టుకున్న పోస్టును మనం షేర్ చేసినా వాళ్లు ఎంచుకున్న మనుషులు దాటి బయటికి వెళ్లదు. కాపీ పేస్ట్ చేసినా, స్క్రీన్‌షాట్ తీసినా ఆ పట్టు తెగిపోతుంది. ఇక ఆ మాటను ఎవరూ వెనక్కి పిలవలేరు, రాసినవాళ్లు కూడా.

వాట్సాప్‌లోనూ అంతే. పుకార్లు నమ్మి జనాన్ని కొట్టి చంపిన ఘటనల తర్వాత 2018లో మన దేశంలో ఫార్వర్డ్‌ను ఒకసారికి 5 చాట్‌లకే పరిమితం చేశారు, ఫార్వర్డ్ అయిన మెసేజ్‌కు ఆ గుర్తు పెట్టారు. చాలా చేతులు మారి వచ్చిన మెసేజ్ మీద రెండు బాణాలు కనిపిస్తాయి, అలాంటిదాన్ని 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక చాట్‌కే పంపగలం. అదే మెసేజ్‌ను కాపీ చేసి పేస్ట్ చేశామనుకోండి, బాణాలు లేవు, గుర్తు లేదు, మనం స్వయంగా కూర్చుని రాసినట్టు వెళ్తుంది. మా పెద్దమ్మకు అది నా మాట అయిపోతుంది. అమ్మాయి పంపింది కదా, నిజమే అయ్యుంటుంది అని ఆవిడ ఇంకో నాలుగు గ్రూపుల్లో వేస్తుంది.

ఇక 'సేకరణ' గురించి. తెలుగులో సోషల్ మీడియా చూసేవాళ్లందరికీ ఈ మాట తెలుసు. ఎవరో రాత్రంతా కూర్చుని తన తండ్రి గురించో, ఊరి చెరువు గురించో మనసు పెట్టి రాసుకుంటారు, తెల్లారేసరికి కింద పేరు పోయి 'సేకరణ' అని వచ్చేస్తుంది. ఇంకొందరు 'ఎవరు రాశారో గానీ అద్భుతంగా రాశారు' అని పెడతారు. ఎవరు రాశారో కనుక్కోవడం అంత కష్టం కాదు, మొదటి వాక్యం ఫేస్‌బుక్‌లోనో గూగుల్‌లోనో వెతికితే చాలాసార్లు దొరుకుతుంది. ఒకవేళ దొరకకపోతే, దొరకలేదు, తెలిసినవాళ్లు చెప్పండి, పేరు చేరుస్తాను అని రాయొచ్చు. 'సేకరణ' అనే మాట ఆ పని చేయదు. ఇది నాది కాదు అని మాత్రమే చెబుతుంది, ఎవరిదో చెప్పదు.

చాటు పద్యాల్లో కొన్ని ఎవరు చెప్పినవో తేలక పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నోటినుంచి నోటికి పోయిన రోజుల్లో అది తప్పని పరిస్థితి. ఇప్పుడు పేరు, తేదీ, లింకు అన్నీ తెర మీదే ఉన్నాయి, మనమే వేలితో చెరిపేస్తున్నాం. పుస్తకాల షాపులకూ ప్రచురణ సంస్థలకూ పేరున్న ఊరు మాది. ఏలూరు రోడ్డులో పుస్తకం కొంటే అట్ట మీద రచయిత పేరు లేకుండా చేతికివ్వరు, అదే రచయిత రాసిన పోస్టుకు మాత్రం పేరు ఎందుకు అవసరం లేకుండా పోయింది?

పేరు తీసేయడం ఒక రకమైతే, పెద్దవాళ్ల పేరు తగిలించడం ఇంకో రకం. కరోనా తర్వాత ఆర్థిక వ్యవస్థ ఎలా ఉంటుందో చెబుతూ రతన్ టాటా పేరుతో ఒక పోస్టు తిరిగితే, అది తాను చెప్పిందీ కాదు, రాసిందీ కాదని ఆయనే 2020 ఏప్రిల్‌లో బయటికొచ్చి చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇదంతా మర్యాదకు సంబంధించిన విషయమే గానీ, చట్టం కూడా ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సొంతంగా రాసిన రచన మీద హక్కు రాసిన క్షణం నుంచే ఉంటుంది, రిజిస్టర్ చేయించుకోనక్కర్లేదు. అందులోని 57వ సెక్షన్ రచయితకు ఇది నాదే అని చెప్పుకునే హక్కుతోపాటు, తన పరువు పోయేలా రచనను మార్చేస్తే అడ్డుకునే హక్కు కూడా ఇచ్చింది. ఫొటోలకూ కాపీరైట్ ఉంటుంది. పబ్లిక్‌గా పెట్టుకున్నారు కదా, ఇంకేముంది అని అడిగేవాళ్లకు నా జవాబు ఇది: పబ్లిక్‌గా పెట్టడం అంటే చదువుకోమని, షేర్ బటన్‌తో పంచుకోమని. కొంతమంది కింద కామెంట్లో "షేర్ చేసుకోవచ్చా అండీ" అని అడుగుతారు, నిజానికి బటన్ వాడేటప్పుడు అడగక్కర్లేదు, అయినా అడిగినవాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది. అడగాల్సింది కాపీ చేసేటప్పుడు.

మంచి విషయం పదిమందికి చేరడం ముఖ్యం గానీ పేరెందుకు అని కూడా అంటారు. చేరాలనే నేనూ అంటున్నాను. ఫేస్‌బుక్ లేని పెద్దవాళ్లకు వాట్సాప్‌లో పంపాల్సి వస్తుంది, తప్పదు. లింకు పెట్టండి, పేరు రాయండి, ఏ రోజు పెట్టిన పోస్టో రాయండి. రక్తం కావాలనో, పిల్లాడు తప్పిపోయాడనో వచ్చినప్పుడు ముందు ఆ నంబరుకు ఒక్క ఫోన్ చేసి, ఇంకా అవసరం ఉందంటేనే ఫలానా తేదీ, ఫలానా టైముకు కనుక్కున్నాను అని చేర్చి పంపండి.

అసలు బయటికి వెళ్లకూడని పోస్టులు కొన్ని ఉన్నాయి. పదో తరగతి బ్యాచ్ గ్రూపులో ఒకావిడ తన ఆపరేషన్ గురించి చెప్పుకుంటే అది ఆ గ్రూపు వరకే. ఇంట్లో ఎవరైనా పోతే ఆ కబురు ముందు ఆ ఇంటివాళ్లు చెప్పాలి, అమెరికాలో ఉన్న కొడుకు ఫ్లైట్ ఎక్కకముందే మనం ఫొటోకు దండ వేసి స్టేటస్ పెట్టకూడదు. అత్యాచార బాధితుల పేరు, ఫొటో, ఇల్లు తెలిసేలా ఏదీ పెట్టకూడదు, జస్టిస్ కావాలని అడుగుతూ అయినా సరే. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ దాన్ని నేరం అంటోంది, పిల్లల విషయంలో పోక్సో చట్టం కూడా.

మా పిన్ని విషయానికొస్తే, మరుసటి ఏడాది వానలు పట్టగానే అదే మెసేజ్ మళ్లీ మొదలైంది. అదే వీధి, అదే నంబరు, అదే 'అర్జంట్'. తమ్ముడు ఒక్కో గ్రూపు అడ్మిన్‌కూ ఫోన్ చేసి తీయించాడు, అయినా ఇంకెక్కడినుంచో వస్తూనే ఉంది. రాత్రి పదకొండింటికి ఫోన్ మోగితే బాబాయి ఉలిక్కిపడి లేచి కూర్చుంటున్నాడని పిన్ని చివరికి పద్నాలుగేళ్లుగా వాడుతున్న ఆ నంబరు మార్చేసుకుంది. బ్యాంకులో, గ్యాస్ ఏజెన్సీలో, ఆధార్ సెంటర్లో కొత్త నంబరు రాయించుకోవడానికి ఇంకా తిరుగుతోంది.