ముందు ఇల్లు నిలవాలి

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహాన్ని తన ఇంట్లోనే జరిపించారు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఇలాంటి చోట్లకు వెళ్లినవాళ్లు బీరువాల్లోని కళ్లజోళ్లు, ఉత్తరాలు చూసి వచ్చేస్తారు. కానీ అక్కడ దాచుకోవాల్సిన మొదటి వస్తువు ఇల్లే. ఊరూరా పాత లోగిళ్లను మ్యూజియంలుగా మార్చాలన్న కోరిక మంచిదే గాని, మరమ్మతు పేరిట వాటికి ఎక్కువ హాని చేసేది సిమెంటే.

ఇటుక, సున్నంతో కట్టిన గోడ పునాది నుంచి తేమను పీల్చుకుంటుంది, సున్నపు పూత గుండా వదిలేస్తుంది. పైన సిమెంటు పూశామా, ఆ దారి మూసుకుంటుంది. తేమ పైపైకి ఎక్కుతుంది. లోపల ఉప్పు గట్టిపడి ఇటుకను పిండి చేస్తుంది. రెండు మూడు వానాకాలాలు గడిచాక పూత అట్టలుగా ఊడుతుంది. మేస్త్రి మళ్లీ సిమెంటే పూస్తాడు! గోడలో దూరిన దూలం కొస కుళ్లడమూ ఈ తేమ వల్లే. రంగు వేసి ఉంటే పైకి తెలియదు. స్క్రూడ్రైవరుతో గుచ్చితే మెత్తగా దిగిపోతుంది.

మందు డంగు సున్నమే, అంటే ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నం. కాల్చిన సున్నాన్ని తొట్టెలో నీళ్లలో కనీసం రెండు మూడు వారాలు మాగనివ్వాలి. ఒక పాలు సున్నానికి రెండున్నర, మూడు పాళ్ల ఇసుక వేసి గానుగ పట్టాలి. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలపడం మన పాత మేస్త్రీల పద్ధతి. పూత పొరకు అరంగుళం మించకూడదు. తడి గోనెపట్టాలు కప్పి నిదానంగా ఆరనివ్వాలి. సున్నం గాలి పీల్చుకుంటూ గట్టిపడుతుంది కాబట్టి తొందరపెడితే బీటలు తప్పవు. మార్చి నెలాఖరుకు బిల్లు చేయాలన్న ఆత్రానికి ఇది లొంగే పని కాదు.

మండువాకు, అంటే ఇంటి నడిమి కప్పులేని చోటుకు, రేకులు కప్పడం ఇంకో పొరపాటు. వాన పడదు, నిజమే. కానీ వేడిగాలి పోయే దారి మూసుకుని కాగితాలు ఉడికిపోతాయి. దానికంటే జూన్‌కు ముందే తూములో ఆకులు తీయించి, జారిన పెంకులు సర్దించడం చవక. గోడలో మొలిచిన రావి మొక్కను పీకితే ఇటుకలూ వెంట వస్తాయి; దాన్ని మొదలు దగ్గర కోసి వేరును చంపాలి.

వస్తువుల విషయంలో మా మాట కొంచెమే. పాత ఉత్తరాలను లామినేషన్ చేయించవద్దు, తిరిగి విప్పలేరు. ఫొటోలను బయటి గోడకు ఆనించవద్దు. ఎవరిచ్చారో, దేనికి వాడారో రిజిస్టరులో రాసి, కాగితమైతే వెనక పెన్సిలుతో నంబరు వేయాలి.

ఇవన్నీ జరగాలంటే టెండరు పత్రంలోనే ‘డంగు సున్నం’ అన్న మాట ఉండాలి, దాన్ని గానుగ పట్టించే గడువూ ఉండాలి. సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇప్పటికే అరుదు. వాళ్ల పక్కన ఇద్దరు కుర్రాళ్లకు పని నేర్పించాలన్న షరతు కూడా అందులోనే రాయాలి.